ఎమోటికాన్

ఎమోటికాన్ అనగా కీబోర్డుపై ఉండే విరామ చిహ్నాలను, అంకెలను, అక్షరాలను పక్కపక్కన పేర్చి ముఖకవళికను సూచించే గుర్తు. :-) అనే గుర్తును తల కాస్త ఎడమకు వంచి చూస్తే కోలన్ కళ్ళుగా, హైఫన్ ముక్కుగా, బ్రాకెట్టు నవ్వుతున్న నోరుగా కనబడతాయి. భావం అనే అర్థం గల ఎమోషన్, బొమ్మ అనే అర్థం గల ఐకాన్ అనే రెండు ఆంగ్ల పదాల కలయికతో ఈ మాట ఏర్పడింది. వాడుకలో వీటిని స్మైలీలు అని కూడా అంటారు.

రాసినవారి భావాన్ని చదివేవారు పొరబడకుండా ఉండడానికి ఇవి పుట్టాయి. అయితే ఒకే గుర్తుకు దేశాన్ని బట్టి, భాషను బట్టి, వాడే బృందాన్ని బట్టి వేర్వేరు అర్థాలు ఏర్పడడం వలన ఇవే కొన్ని సందర్భాలలో అపార్థాలకు, వ్యాజ్యాలకు కూడా కారణమయ్యాయి.

ఆవశ్యకత

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు మాటతో పాటు ముఖం, చేతులు, కంఠస్వరం కూడా భావాన్ని తెలుపుతాయి. రాతలో మాట మాత్రమే మిగులుతుంది. "నీ అంత తెలివైనవాడు ఇంకొకడు లేడు" అనే వాక్యం మెచ్చుకోలు కావచ్చు, వెటకారం కావచ్చు. ఎదురుగా ఉన్నప్పుడు ఆ తేడాను పెదవి విరుపు చెబుతుంది. కాగితం మీద ఉత్తరం రాసేవారికి భావాన్ని విడమరచి చెప్పే తీరిక ఉండేది. కంప్యూటరులోను, ఫోనులోను రాత సంభాషణ వేగాన్ని అందుకోవడంతో ఆ లోటును పూరించే చిన్న గుర్తు అవసరమైంది.

చరిత్ర

అచ్చు గుర్తులతో ముఖాలను కూర్చడం కంప్యూటర్ల కంటే పాతది. 1881లో అమెరికాకు చెందిన పక్ అనే హాస్యపత్రిక ఆనందం, విచారం, ఉదాసీనత, ఆశ్చర్యం అనే నాలుగు భావాలను అచ్చు గుర్తులతో కూర్చి ప్రచురించింది. 1969లో రచయిత వ్లదీమిర్ నబొకోవ్ ఒక ఇంటర్వ్యూలో చిరునవ్వుకు ఒక ప్రత్యేక అచ్చు గుర్తు ఉంటే బాగుంటుందని, అది వెల్లకిలా పడుకున్న బ్రాకెట్టులా ఉండవచ్చునని అన్నాడు. 1970లలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థను వాడినవారు ఒక అక్షరం మీద మరొక అక్షరాన్ని ముద్రించి ముఖాలను తయారు చేసేవారు.

నేడు వాడుకలో ఉన్న :-) గుర్తును ప్రతిపాదించినవాడు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్. విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సందేశాల బోర్డులో, తాళ్ళు తెగి కిందికి పడిపోతున్న లిఫ్టులో పాదరసపు బొట్టు ఏమవుతుంది అనే చర్చ జరిగింది. ఆ ధోరణిలోనే ఒకరు ఒక లిఫ్టు పాదరసంతో కలుషితమైందని హాస్యానికి రాయగా, కొందరు దానిని నిజమైన హెచ్చరికగా భావించారు. హాస్యాన్ని సూచించడానికి ఏదైనా గుర్తు ఉండాలని చర్చ మొదలై, నక్షత్రపు గుర్తు వంటి పలు సూచనలు వచ్చాయి. 1982 సెప్టెంబరు 19న ఫాల్మన్ హాస్యానికి :-) గుర్తును, హాస్యం కాని వాటికి :-( గుర్తును వాడవచ్చునని రాశాడు. ఈ సందేశపు ప్రతి చాలాకాలం కనబడలేదు. 2002లో పాత టేపులను వెదికి దీనిని వెలికితీశారు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఫాల్మన్ దృష్టిలో :-( అంటే "ఇది హాస్యం కాదు, నిజంగానే చెబుతున్నాను" అని అర్థం. కొద్దికాలంలోనే వాడేవారు దానికి విచారం, నిరాశ అనే అర్థాలను స్థిరపరచారు. ఆ విధంగా పుట్టుకలోనే ఒక గుర్తు అర్థం మారిపోయింది.

రకాలు

పాశ్చాత్య పద్ధతి: వీటిని తల పక్కకు వంచి చదవాలి. భావం ముఖ్యంగా నోటి ఆకారంలో కనబడుతుంది.
:-) లేదా :) – నవ్వు, స్నేహభావం, "సరదాకు అన్నాను"
:-( – విచారం, నిరాశ
;-) – కన్నుగీటడం, చిలిపితనం
:-| – ఏ భావమూ లేకపోవడం
:-/ – సందేహం, అసంతృప్తి
:'( – కన్నీరు
:-0 – ఆశ్చర్యం
<3 – హృదయం, ప్రేమ

జపాన్ పద్ధతి: వీటిని తల వంచకుండా నిటారుగానే చదవవచ్చు. జపాన్‌లో కావోమోజి అని పిలిచే ఈ గుర్తులు 1986 నుండి అక్కడి కంప్యూటర్ నెట్‌వర్కులలో వాడుకలోకి వచ్చాయి. వీటిలో భావం ముఖ్యంగా కళ్ళలో కనబడుతుంది.
(^_^) – ఆనందం
(;_;) – ఏడుపు
(>_<) – బాధ, ఇబ్బంది
(-_-;) – చెమటలు పట్టడం, తత్తరపాటు
<(_ _)> – నేలకు వంగి క్షమాపణ కోరడం లేదా కృతజ్ఞత తెలపడం

జపానీయులు ఎదుటివారి భావాన్ని కళ్ళను బట్టి, అమెరికన్లు నోటిని బట్టి గ్రహించే మొగ్గు చూపుతారని 2007లో మసాకి యూకీ, అతని సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం తెలిపింది. ఈ రెండు పద్ధతుల గుర్తులలోని తేడా దీనితో సరిపోలుతుంది.

దక్షిణ భారత లిపుల అక్షరం కూడా ఇందులో చోటు సంపాదించుకుంది. కన్నడ లిపిలోని "ఠ" అక్షరాలు రెండింటి మధ్య అడుగుగీత ఉంచితే, కనుబొమలు ముడిచి నిలదీస్తున్న చూపు ఏర్పడుతుంది. కన్నడం ఒక్క ముక్క రానివారు కూడా దీనిని మందలింపు చూపుగా ప్రపంచమంతటా వాడారు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుండి వచ్చినవి కనుక తెలుగు అక్షరంతో ఠ_ఠ అని కూర్చినా దాదాపు అదే ముఖం కనబడుతుంది. మహాప్రాణ ధ్వనిని తెలిపే అక్షరం, ఆ ధ్వనితో సంబంధమే లేకుండా ఆకారం వలన మరొక అర్థాన్ని పొందింది.

అక్షరాలు, అంకెల అర్థభేదాలు

ముఖం ఆకారం లేకుండా అక్షరాలే భావాన్ని సూచించే పద్ధతి కూడా ఉంది. ఆంగ్లంలో ఎల్, ఓ, ఎల్ అనే మూడక్షరాలు గట్టిగా నవ్వడాన్ని సూచిస్తాయి. ఇవే "బోలెడంత ప్రేమతో" అనే అర్థం గల ఆంగ్ల మాటలకు కూడా పొడి అక్షరాలు. బ్రిటన్ ప్రధానిగా ఉన్న డేవిడ్ కామెరాన్ ఈ రెండవ అర్థంలోనే వీటిని తన సందేశాలలో వాడేవాడని 2012లో ఒక బహిరంగ విచారణలో వెల్లడైంది. డచ్చి భాషలో ఇదే అక్షరాల మాటకు సరదా అని, వెల్ష్ భాషలో అర్థంలేని మాటలు అని అర్థం.

అంకెలలో ఈ తేడా మరింత స్పష్టం. థాయి భాషలో 5 అంకెను "హా" అని పలుకుతారు కనుక 555 అంటే నవ్వు. చైనీస్ భాషలో 5ను "వూ" అంటారు కనుక అదే 555 వెక్కి వెక్కి ఏడవడాన్ని సూచిస్తుంది. చైనాలో 520 అంకెలు "నిన్ను ప్రేమిస్తున్నాను" అనే మాటల ధ్వనిని పోలి ఉండడం వలన ఆ అర్థంలో వాడతారు. రష్యాలో కోలన్‌ను వదిలివేసి ఒక్క బ్రాకెట్టునే నవ్వుకు వాడడం పరిపాటి. ))) అంటే ఎక్కువ నవ్వు. ఈ అలవాటు తెలియనివారు దానిని టైపు పొరపాటు అనుకుంటారు.

తరగతి గదిలోని గుర్తులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. మన పాఠశాలలలో తప్పున్న చోట ఉపాధ్యాయులు సున్న చుడతారు. జపాన్‌లో వృత్తం సరైన జవాబుకు గుర్తు.

వాక్యం చివర పెట్టే చుక్కకు కూడా భావం అంటుకుంది. ఫోను సందేశంలో ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే చదివినవారు దానిని తక్కువ మనస్ఫూర్తిగా ఇచ్చిన జవాబుగా భావించారని అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో తెలిపారు.

ఎమోజీలు

ఎమోజి అనేది జపనీస్ పదం. "ఎ" అంటే బొమ్మ, "మోజి" అంటే అక్షరం. ఎమోషన్ అనే ఆంగ్ల పదంతో దీనికి వ్యుత్పత్తి సంబంధం లేదు. 1999లో ఎన్‌టిటి డొకోమో సంస్థ కోసం షిగెతాకా కురిత 176 బొమ్మలను, ఒక్కొక్కటి అడ్డం 12, నిలువు 12 చుక్కల చట్రంలో రూపొందించాడు. 2010లో వెలువడిన యూనికోడ్ 6.0 ప్రమాణంలో ఎమోజీలు పెద్దసంఖ్యలో చేరడంతో అవి ప్రపంచమంతటా వ్యాపించాయి.

యూనికోడ్ ప్రతి ఎమోజీకి ఒక సంఖ్యను, ఒక పేరును ఇస్తుంది. బొమ్మను ఎలా గీయాలో ఆయా కంపెనీలు నిర్ణయించుకుంటాయి. అందువలన పంపినవారి తెరపై ఉన్న బొమ్మ, అందుకున్నవారి తెరపై ఉన్న బొమ్మ ఒకే విధంగా ఉండకపోవచ్చు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో జరిపిన అధ్యయనంలో, అచ్చంగా ఒకే బొమ్మను చూపినప్పుడు కూడా అది తెలిపే భావం మంచిదా, చెడ్డదా, తటస్థమా అనే విషయంలో 25 శాతం సందర్భాలలో ఏకాభిప్రాయం కుదరలేదు. చేతులు జోడించిన ఎమోజి భారతీయులకు నమస్కారం, జపానీయులకు వేడుకోలు లేదా కృతజ్ఞత, పాశ్చాత్యులలో అనేకులకు ప్రార్థన.

న్యాయస్థానాలలో

బొటనవేలు పైకెత్తిన ఎమోజి గురించి రెండు దేశాల న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పులు ఈ అర్థభేదాన్ని చక్కగా వివరిస్తాయి.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక ధాన్యం కొనుగోలుదారు అవిసె గింజల ఒప్పందపత్రం ఫోటోను పంపి ధ్రువీకరించమని కోరగా, రైతు ఈ ఎమోజిని పంపాడు. ఒప్పందపత్రం అందిందని మాత్రమే తన ఉద్దేశమని రైతు వాదించాడు. గతంలో కూడా ఆయన ఒకటి రెండు మాటల జవాబులతోనే ఒప్పందాలను అంగీకరించి సరుకు అందజేశాడని గమనించిన న్యాయస్థానం, ఎమోజి అంగీకారమేనని 2023లో తీర్పు చెప్పి సుమారు 82 వేల కెనడా డాలర్ల నష్టపరిహారం చెల్లించమంది. 2024లో అప్పీలు న్యాయస్థానం దీనిని సమర్థించింది.

అదే 2024లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన కేసు మరొకటి. ఒక అధికారి హత్యకు సంబంధించిన సందేశానికి వాట్సాప్ బృందంలో ఇదే ఎమోజిని పెట్టిన రైల్వే రక్షణ దళ కానిస్టేబులును, హత్యను హర్షించాడనే ఆరోపణపై ఉద్యోగం నుండి తొలగించారు. ఆ గుర్తు సందేశాన్ని చూశానని తెలపడమే తప్ప హర్షం కాదని న్యాయస్థానం భావించి, అతనిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న ఆదేశాన్ని సమర్థించింది.

ఒక చోట అంగీకారమైన గుర్తు మరొక చోట కేవలం "చూశాను" అయింది. రెండు చోట్లా అర్థాన్ని నిర్ణయించినది సందర్భమే. పదానికి, అర్థానికి గల సంబంధం సంకేతం వలన, అంటే మనుషులు చేసుకున్న ఏర్పాటు వలన కలుగుతుందని నైయాయికులు చెప్పిన మాట ఈ గుర్తులకు సరిగ్గా సరిపోతుంది.

తెలుగులో

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినా, సెల్‌ఫోన్ సందేశాలలో చాలాకాలం ఆంగ్ల లిపిలోనే తెలుగును రాసేవారు. దీనికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. ఆంగ్ల లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 సంకేతాలే పడతాయి. అందులోనూ "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు ఖర్చవుతాయి. చోటు తక్కువైన చోట ఒక వాక్యం చేయవలసిన పనిని :) వంటి చిన్న గుర్తు చేసిపెట్టింది.

భావాన్ని ధ్వనిగా రాసే పద్ధతి తెలుగుకు కొత్త కాదు. నిరాశకు "ప్చ్", విసుగుకు "అబ్బ", నవ్వుకు "హహహ" కథలలోను, నాటకాలలోను ఎప్పటి నుండో ఉన్నవే. వీటికీ అర్థభేదాలు ఉన్నాయి. కథ వింటున్న పిల్లవాడు "ఊఁ" కొడితే వింటున్నానని అర్థం. బేరం దగ్గర "ఊఁ" అంటే ఒప్పుకున్నానని అర్థం. మౌనం అర్ధాంగీకారం అన్న మన సామెత కూడా, అంగీకారాన్ని సందర్భం నుండి గ్రహించే అలవాటును తెలుపుతుంది. బొటనవేలు ఎమోజి విషయంలో రెండు న్యాయస్థానాలు తేల్చవలసి వచ్చినది ఈ రెండు "ఊఁ"ల మధ్య తేడానే.

వాడుకలో జాగ్రత్తలు

డబ్బు, ఒప్పందం, ఉద్యోగం, సంతాపం వంటి విషయాలలో గుర్తుకు బదులు పూర్తి వాక్యం రాయడం క్షేమం. "ఒప్పందపత్రం అందింది, చదివి జవాబిస్తాను" అనే మాటలకు రెండర్థాలు రావు.

అంధులు వాడే స్క్రీన్ రీడర్లు తెరపై ఉన్నదానిని చదివి వినిపిస్తాయి. గుర్తులతో కూర్చిన ముఖాన్ని అవి చాలా సందర్భాలలో కోలన్, హైఫన్, బ్రాకెట్టు అని విడివిడిగా పలుకుతాయి. ఎమోజికి మాత్రం దాని పేరును పలుకుతాయి. ఒకే ఎమోజిని పదిసార్లు పెడితే వినేవారు ఆ పేరును పదిసార్లు వినవలసి రావచ్చు. అందువలన గుర్తులను మితంగా, వాక్యం చివర ఉంచడం మేలు.

కొత్త బృందంలోకి, మరొక ప్రాంతం వారితో సంభాషణలోకి ప్రవేశించినప్పుడు వారు ఏ గుర్తును ఏ అర్థంలో వాడుతున్నారో కొంతకాలం గమనించాలి. అర్థం కాకపోతే అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి
విరామ చిహ్నాలు
యూనికోడ్
నవరసాలు
తెలుగు లిపి