రైలుపెట్టెలో పుస్తకం

ఎగుడుదిగుడు బాటలపై గుర్రపుబండ్లు నడిచినంత కాలం యూరప్‌లో ప్రయాణికులు పుస్తకాలను పెట్టెల్లో మోసుకుపోగలిగారే గాని, కుదుపులకు అక్షరాల మీద కన్ను నిలవక, దారిలో వాటిని హాయిగా చదువుకోవడం కష్టమయ్యేది. పట్టాలపై సాఫీగా సాగే రైలు ఆ ఇబ్బందిని చాలావరకు తొలగించింది. ముక్కూమొహం తెలియనివారి నడుమ గంటల తరబడి కూర్చోవలసిన కొత్త పరిస్థితినీ తెచ్చిపెట్టింది. పుస్తకం ప్రయాణపు తోడుగా స్థిరపడటానికి ఈ రెండు కారణాలూ బలంగా తోడ్పడ్డాయి.

లండన్‌లోని యూస్టన్ స్టేషన్‌లో డబ్ల్యూ.హెచ్. స్మిత్ సంస్థ 1848లో పుస్తకాల స్టాలు తెరిచింది. కొత్త నవల సాధారణంగా మూడు సంపుటాలుగా వెలువడి, ముప్పై ఒకటిన్నర షిల్లింగుల ధర పలుకుతున్న ఆ రోజుల్లోనే, రౌట్లెడ్జ్ ప్రచురణ సంస్థ 1849 నుంచి ‘రైల్వే లైబ్రరీ’ పేరిట షిల్లింగుకొక నవల చొప్పున అమ్మసాగింది. పసుపుపచ్చని అట్టపై రంగుల బొమ్మతో వచ్చిన ఇటువంటి చౌక ప్రతులకు ‘ఎల్లో బ్యాక్స్’ అనే పేరు స్థిరపడింది. చేతిలో ఇమిడే పరిమాణం, తక్కువ ధర అనే లక్షణాలు ప్రయాణికుల అవసరం వల్లనే పుస్తకానికి ఇంతగా అబ్బాయి.

భారతదేశంలో ఈ వ్యాపారానికి ఎమీల్ మొరో అలహాబాదులో 1877లో నెలకొల్పిన ఎ.హెచ్. వీలర్ సంస్థ పునాది వేసింది. ఈ సంస్థ 1888లో ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ అనే వరుసలో, అప్పటికి ఇరవై రెండేళ్ల పత్రికా రచయిత అయిన రడ్యార్డ్ కిప్లింగ్ కథలను ఆరు పలుచని సంపుటాలుగా, బొమ్మలున్న కాగితపు అట్టలతో, ఒక్కొక్కటి రూపాయికి అమ్మింది. రెండేళ్లు తిరగకముందే ఆ కథలు లండన్‌లోనూ పునర్ముద్రణ పొందాయి. ఒక గొప్ప కథకుడి తొలినాటి పుస్తకాలు స్టేషన్ ప్లాట్‌ఫారాలపై అమ్ముడుపోవడం సాహిత్య చరిత్రలో విశేషమే అయినా, ఆనాటి కూలికి రూపాయి అంటే పలు దినాల సంపాదన గనుక, మూడో తరగతి పెట్టెలో కిక్కిరిసి కూర్చున్న దేశీయుడికి ఆ తోడు దక్కలేదన్న సంగతిని విస్మరించరాదు. ఆంగ్లం రానివారికైతే అది మరింత దూరం.

దక్షిణాదిన ఆ లోటు కాలక్రమంలో కొంత తీరింది. మద్రాసులో 1844లో ప్రారంభమైన హిగిన్‌బోథమ్స్ సంస్థ స్టేషన్లలో నడిపిన స్టాళ్లు తెలుగు ప్రయాణికులకు చిరపరిచితాలయ్యాయి. అటువంటి స్టాళ్లలో ఆంగ్ల నవలల పక్కనే తెలుగు వారపత్రికలు, పిల్లల కోసం ‘చందమామ’ వంటి మాసపత్రికలు చోటు సంపాదించుకోవడంతో, బండి కదిలేలోగా కిటికీలోంచి చెయ్యి చాచి చదువును కొనుక్కునే అలవాటు సామాన్య కుటుంబాలకూ పాకింది.