నావూ: నది వంపులో ఒక నగరం

1845 చలికాలంలో నావూలో ఏ గడప తొక్కినా బండ్ల పనే. ముందు గదుల్లో కుర్చీలు తీసేసి చక్రాలు పేర్చారు. పచ్చి కర్ర తొందరగా గట్టిపడాలని ఉప్పునీళ్లలో ఉడకబెట్టి బట్టీల్లో ఆరబెట్టారు. ఆడవాళ్లు దీపం దగ్గర కూర్చుని బండి పైకప్పులకు ముతక గుడ్డ కుట్టారు. ఎంతో ఇష్టంగా కట్టుకున్న ఇటుక ఇల్లు ఇచ్చి ఒక జత ఎద్దులు తెచ్చుకోగలిగితే అదే పదివేలనుకున్నారు. అయినా గుట్ట మీద ఉలి చప్పుడు ఆగలేదు. వదిలి వెళ్లబోయే ఊళ్లో వాళ్లు ఇంకా ఆలయం కడుతూనే ఉన్నారు.

ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ రెండు చప్పుళ్లూ కలిసే వినిపిస్తాయి.

మోర్మన్ మతం పుట్టిందే స్థిరం లేని బతుకుల మధ్య. 1830 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆ సంఘాన్ని స్థాపించినప్పుడు జోసెఫ్ స్మిత్‌కు 24 ఏళ్లు. పంటలు పోయి, భూమి నిలవక, ఊరు మార్చి ఊరు తిరిగిన రైతు కుటుంబం వాళ్లది. చుట్టూ ఉన్నవాళ్లూ అలాంటివాళ్లే. సొంత ఊరు, తాతల చర్చి, చుట్టపక్కాలు అన్నీ తూర్పున ఉండిపోయాయి. కొత్త నేలలో పేటకొక బోధకుడు, నెలకొక పునరుజ్జీవన సభ. అలాంటివాళ్లకు స్మిత్ ఒక పుస్తకంతో పాటు ఒక చిరునామా కూడా ఇచ్చాడు. దేవుడి నగరం ఎక్కడో కాదు, ఈ మట్టిలోనే, పడమటన మిస్సోరీలో లేస్తుందన్నాడు. ఊరే లేనివాళ్లకు అంతకంటే తీపి మాట ఇంకేముంటుంది?

కానీ మిస్సోరీ ఖాళీగా లేదు. ఇండిపెండెన్స్ పట్టణంలో అప్పటికే స్థిరపడినవాళ్లు ఈ కొత్తవాళ్లను చూసి బెదిరారు. వీళ్లు గుంపుగా వస్తారు, గుంపుగా భూములు కొంటారు, ఒకే వైపు ఓటేస్తారు. పైగా అది బానిసలను ఉంచుకునే రాష్ట్రం, వచ్చినవాళ్లు ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. 1833 జులైలో ఒక మూక మోర్మన్ల అచ్చుయంత్రాన్ని ధ్వంసం చేసింది. ఆ సంగతి గుర్తుంచుకోండి. 1838 అక్టోబర్‌లో గవర్నర్ బాగ్స్, వీళ్లను రాష్ట్రం నుంచి తరిమేయాలి, లేదా నిర్మూలించాలి అని ఆజ్ఞ రాశాడు. మూడు రోజుల తర్వాత హాన్స్ మిల్లు దగ్గర 17 మందిని చంపారు.

ఆ చలికాలంలో నడిచి మిసిసిపీ దాటినవాళ్లకు ఇల్లినాయ్‌లోని క్విన్సీ ప్రజలు తలుపులు తీశారు. ఆ తర్వాత దొరికిన చోటు నది మలుపులో ఎవరికీ పట్టని చిత్తడి నేల. 1839 వేసవిలో చలిజ్వరాలతో ఇంటింటా మంచాలు పడ్డాయి. కాలవలు తవ్వి, నీళ్లు వదిలించి, ఆ బురదకు నావూ అని, 'అందమైనది' అనే అర్థమొచ్చే హీబ్రూ పేరు పెట్టుకున్నారు. ఇంగ్లండ్ మిల్లు పట్టణాల నుంచి వేలమంది లివర్‌పూల్‌లో ఓడెక్కి, న్యూ ఆర్లీన్స్‌లో దిగి, నదికి ఎదురుగా వచ్చి చేరారు. ఆరేళ్లలో జనం 12 వేల దాకా పెరిగారు. అప్పటి షికాగో కూడా ఇంచుమించు అంతే.

పతనానికి విత్తనం ఇక్కడే పడిందని నా నమ్మకం. విగ్, డెమోక్రాట్ పార్టీలు రెంటికీ వీళ్ల ఓట్లు కావాలి. అందుకే 1840 డిసెంబర్‌లో రాష్ట్రం నావూకు ఉదారంగా ఒక చార్టర్ ఇచ్చింది: సొంత కోర్టు, సొంత సేన. గవర్నరే నిర్మూలించమన్న జనానికి అవి ప్రాణరక్ష. ఇరుగుపొరుగు కళ్లకు మాత్రం అది వేరే రాజ్యం. స్మిత్ ప్రవక్త, సేనాధిపతి, 1842 నుంచి మేయర్, మేయర్ హోదాలో న్యాయమూర్తి కూడా. ఒకే మనిషి చేతిలో ఇన్ని పడ్డప్పుడు కాదనేవాడు ఎవరు?

గుట్ట మీది ఆలయం మాత్రం అందరి చేతి పని. దశమభాగం అంటే డబ్బే కాదు, పది రోజులకొక రోజు కూలి కూడా. కలప విస్కాన్సిన్ అడవుల నుంచి తెప్పలుగా కొట్టుకొచ్చేది. మేకులకూ అద్దాలకూ ఆడవాళ్లు వారానికొక పెన్నీ కూడబెట్టారు. 30 స్తంభాల మీద 30 సున్నపురాయి సూర్యులు: మబ్బుల్లోంచి లేచే గుండ్రటి ముఖం, దాని పైన బాకాలు పట్టుకున్న రెండు చేతులు.

సంఘం లోపల రహస్యంగా బహుభార్యత్వం నడుస్తోంది. విరోధించి బయటికొచ్చిన పాత అనుచరులు 1844 జూన్ 7న ఒక పత్రిక అచ్చేసి ఆ సంగతి బయటపెట్టారు. అదే మొదటి సంచిక, అదే చివరిది. మూడు రోజుల్లో నగర మండలి ఆజ్ఞ మీద ఆ అచ్చుయంత్రాన్ని వీధిలోకి లాగి పగలగొట్టారు. అచ్చుయంత్రం ముక్కలవడమంటే ఏమిటో పదకొండేళ్ల కింద కళ్లారా చూసినవాళ్లే ఆ పని చేశారు. వాళ్ల మీద జరిగిన ఏ అన్యాయాన్నీ నేను తగ్గించి చెప్పను. కానీ ఈ ఒక్క రోజు దగ్గర మనసు చివుక్కుమంటుంది.

ఆ పనికి అరెస్టు తప్పదని స్మిత్ రాత్రివేళ పడవలో నది దాటాడు. ముందుంది పడమర, ఎవరూ పట్టుకోలేని నేల. పారిపోయాడన్న మాట వెనక నుంచి వచ్చింది. తిరిగొచ్చి లొంగిపోయాడు. ఇల్లినాయ్ గవర్నర్ ఫోర్డ్ రక్షణ ఉంటుందని మాట ఇచ్చాడు. జూన్ 27 సాయంత్రం ముఖాలకు నల్లరంగు పూసుకున్న మూక కార్తేజ్ జైలు మెట్లెక్కింది. అందులో చాలామంది రాష్ట్ర సేనలో ఉన్నవాళ్లే. అన్న హైరమ్ గదిలోనే కూలిపోయాడు. స్మిత్ దగ్గరున్న చిన్న పిస్తోలు పేల్చి, కిటికీలోంచి కింద పడ్డాడు. వయసు 38. విచారణ జరిగిన అయిదుగురినీ నిర్దోషులన్నారు.

తర్వాత అన్నీ త్వరత్వరగా జరిగాయి. చార్టర్ రద్దయింది, చుట్టుపక్కల ఊళ్లు తగలబడ్డాయి. 1846 ఫిబ్రవరి 4న, స్మిత్ తర్వాత సంఘం పగ్గాలు పట్టిన బ్రిగమ్ యంగ్ నాయకత్వాన మొదటి బండ్లు నది దాటాయి. బండి కొనలేని బీదలు, జబ్బుపడ్డవాళ్లు మిగిలిపోతే సెప్టెంబర్‌లో ఫిరంగులతో తరిమారు. ఆ రోజుల్లో అటు వచ్చిన థామస్ కేన్ అనే యాత్రికుడికి వడ్రంగి బల్ల మీద చిత్రిక పొట్టు, కోసేవాళ్లు లేక కుళ్లిపోతున్న పంట కనిపించాయి, మనిషి అలికిడి లేదు. 1848 అక్టోబర్‌లో ఎవరో ఆలయానికి నిప్పుపెట్టారు. మిగిలిన గోడల్లో ఒకదాన్ని 1850లో సుడిగాలి పడగొట్టింది. ఆ రాళ్లు ఎవరెవరి ఇళ్లకో పునాదులయ్యాయి.

స్మిత్ భార్య ఎమ్మా పడమటికి వెళ్లలేదు. హత్యల తర్వాత, శత్రువులు శవాల జోలికి వస్తారన్న భయంతో ఊరేగింపు శవపేటికల్లో ఇసుక నింపి పాతిపెట్టారు. అన్నదమ్ముల అసలు దేహాలను నది ఒడ్డున గుర్తు లేకుండా పూడ్చారు. ఆ చోటుకు దగ్గర్లోనే ఆవిడ 1879 దాకా బతికింది. 1928లో తవ్వి చూసేవరకు ఆ సమాధుల చోటు ఎవరికీ సరిగ్గా తెలియలేదు.