పుత్తూరు కట్టు అందని చోటు

"గజ్జలో పీకతాందబ్బా, అడుగెయ్యలేకపోతాండా." చిత్తూరు పల్లెల్లో ఏ ముసలాయనో ఈ మాటంటే, ముందుగా కాళ్లు చూసేవారు. అరికాల్లో ముల్లు గుచ్చుకుని చీము పట్టి ఉంటే, గజ్జల్లో బిళ్ళ కట్టిందని తేలిపోయేది. దగ్గినప్పుడు ఉబ్బు పొంగుతుంటే పేగు జారిందనేవారు. ఆ రెండూ కాకపోతే నరం పట్టేసిందని ఆముదం కాచి రుద్దేవారు. చాలాసార్లు తగ్గేది కూడా. తగ్గనిదాని కథ వేరే ఉంది.

తిరుమల కొండకింద ఊళ్లకు ఈ నొప్పి బాగా తెలుసు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ప్రతి మెట్టుకూ తొడను పైకి లేపే కండరం వెన్నుపూసల దగ్గర పుట్టి, గజ్జల మీదుగా వచ్చి తొడ ఎముకకు అతుక్కుంటుంది. పొద్దున కొండెక్కినవాడికి మర్నాడు మంచం దిగుతుంటే గజ్జల్లో చురుక్కుమనేది అందుకే. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా నడవలేనివాళ్లకు డోలీయే దిక్కు. నలుగురి భుజాల మీద మెట్లెక్కిన బరువది. ఆ నలుగురి గజ్జల సంగతి ఎవరూ రాసిపెట్టలేదు.

కండరం నొప్పి విశ్రాంతితో పోతుంది. ఎముక విరిగితే మాత్రం ఈ సీమంతా పుత్తూరు వైపు చూసేది. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో, పుత్తూరు పక్కన రాచపాళెంలో, రాజుల కుటుంబం తరాలుగా కట్టు కడుతోంది. మూలపురుషుడు కేశవరాజు. కాలు విరిగిన కుందేలుకు అడవి ఆకులు చుట్టి ఉంచితే అది అతుక్కుందని, అలా మందు తెలిసిందని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. కథ ఎలా ఉన్నా పనితనం నిజం. వైద్యుడి వేళ్లు వాపు మీద నెమ్మదిగా జరుగుతాయి, విరిగిన కొసలు ఎక్కడున్నాయో తడిమి పట్టుకుంటాయి. లాగి సరిచేశాక పచ్చని ఆకు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొనలో తడిపిన గుడ్డ, దాని మీద వెదురు బద్దలు. సొన ఆరేకొద్దీ కట్టు బిగిసి గట్టిపడుతుంది. తమిళనాడు ఊళ్లలో ఈనాటికీ 'పుత్తూర్ కట్టు' అని బోర్డులు కనిపిస్తాయంటే, ఒక చిన్న పల్లె సంపాదించుకున్న పేరు ఎంతటిదో చూడండి. ఎక్స్‌రే గాని, ఆపరేషన్ థియేటర్ గాని లేని రోజుల్లో కూలీనాలీ జనాన్ని మళ్లీ పొలంలో నిలబెట్టిన విద్య ఇది. దీన్ని మూఢనమ్మకం కింద కొట్టిపారేయడం అన్యాయం.

దీని వెనక పాత శాస్త్రమూ ఉంది. సుశ్రుత సంహితలో భగ్న చికిత్సకు వెదురు, చెట్ల బెరడు బద్దలుగా వాడమని ఉంది. తొడ విరిగినవాణ్ణి పలక మీద పడుకోబెట్టి కదలకుండా బంధించే పద్ధతి పేరు కపాటశయనం. తొడ దగ్గరికొచ్చేసరికి కట్టు ఒక్కటే చాలదని ఆనాటివాళ్లకే తెలుసన్నమాట.

ఎందుకు చాలదు? ముంజేతికైతే విరిగిన చోటుకు పైనా కిందా బద్దలు ఆనుతాయి. తుంటి కీలు లోతున, గజ్జ మడత వెనక ఉంటుంది. అక్కడ తొడ ఎముక మెడ విరిగితే దాని తలకు నెత్తురు తీసుకెళ్లే సన్నని నాళాలూ తెగవచ్చు. నెత్తురందని ఎముక చచ్చిపోతుంది. ఏ ఆకూ దాన్ని బతికించలేదు. పైగా ఈ నొప్పి మోసకారిది. తుంటి పక్కన కాక గజ్జల్లో తెలుస్తుంది, ఒక్కోసారి మోకాల్లో. విరిగిన కొసలు ఒకదాంట్లో ఒకటి దిగబడితే మనిషి కుంటుతూ నడుస్తాడు కూడా. నడుస్తున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు నూనె రుద్దుతూ కూర్చుంటారు.

ఇక్కడ కావలసింది శస్త్రచికిత్స. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది, పెద్ద జబ్బంటే జనం రాయవేలూరు బండెక్కేవారు; 1900లో ఐడా స్కడ్డర్ అక్కడ మొదలుపెట్టిన చిన్న దవాఖానే నేటి సీఎంసీ ఆసుపత్రి. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడిని నమ్మదగిన పద్ధతిగా నిలబెట్టిన 1962లోనే తిరుపతిలో రుయా ఆసుపత్రి వెలిసింది. 1985లో టీటీడీ బర్డ్ ఆసుపత్రిని స్థాపించింది. ఎముకల వైద్యానికే ప్రత్యేకించిన ఆ ఆసుపత్రిలో నేడు తుంటి కీళ్లు మారుస్తున్నారు. పుత్తూరుకూ దానికీ మధ్య గంట ప్రయాణం.

ఇంట్లో పెద్దవాళ్లు జారిపడి, గజ్జల్లో నొప్పి అంటే నడిపించి చూడొద్దు. కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే అసలే ఆలస్యం వద్దు. ఎవరి చేత కట్టించాలనే మాట తర్వాత. ముందు, ఆ రోజే, ఎక్స్‌రే తీయించండి.