కావ్యములోని మనిషి - తెరమీది బొమ్మ

ఓరుగల్లు ప్రాంతమువారికి తెరమీద బొమ్మలాడుట కొత్త వినోదము కాదు. పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున, శివరాత్రికి శ్రీశైలము చేరిన యాత్రికుల వేడుకలను వర్ణించుచు, తెరచాటున భారతాది కథలను బొమ్మలచేత ఆడించువారిని పేర్కొనెను. సినిమా పుట్టుటకు కొన్ని వందల యేండ్లకు పూర్వమే మన పెద్దలు దీపపు వెలుగులో మహాకావ్యములను కదలించి చూచిరి. నేడు మన పిల్లలు చూచు కార్టూను చలనచిత్రములు యంత్రముల సాయముతో తయారగుచున్నను, అవి చేయు పని అదియే. గ్రంథమునుండి ఒక కథను తీసికొని, అందలి మనుష్యులను బొమ్మలుగా మార్చి, ఆ బొమ్మలకు చలనము కల్పించుటయే ఆ పని.

ఈ మార్పులో మనిషి ఎంత మిగులును, ఎంత పోవును? ముఖ్యముగా లోకము చిన్నచూపు చూచిన జాతికి చెందిన మనిషి ఏమగును? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు పాత కార్టూనులు చాల స్పష్టమైన సమాధానము నిచ్చుచున్నవి. వాని చరిత్రను కొంత తెలిసికొని, ఆ వెలుగులో మన తెరను మనము చూచుకొనుట ఈ ప్రసంగోద్దేశము.

హారియెట్ బీచర్ స్టో రచించిన 'అంకుల్ టామ్స్ కాబిన్' 1851-52లో పత్రికలో ధారావాహికముగా వెలువడి, 1852లో గ్రంథరూపము దాల్చెను. బానిసత్వమును నిరసించిన ఆ నవలలో టామ్ అనువాడు విశాలమైన వక్షము, దృఢమైన దేహము, గంభీరమైన ముఖము గల మనిషి. చిన్నబిడ్డల తండ్రి. తోటి బానిసను కొరడాతో కొట్టుమని యజమాని ఆజ్ఞాపించినపుడు అతడు నిరాకరించెను. పారిపోయిన ఇద్దరు స్త్రీల జాడ చెప్పుమని హింసించినపుడు నోరు విప్పలేదు. ఆ మౌనమునకే అతడు ప్రాణములను అర్పించెను. స్టో రచనలోను జాతిగుణములను గూర్చిన తప్పు ఊహలు లేకపోలేదు. అయినను ఆమె టామ్ పిరికివాడును కాడు, విదూషకుడును కాడు.

ఆనాటి అమెరికా చట్టము నవలను నాటకముగా మార్చు విషయమున రచయితకు హక్కు నీయలేదు. అందుచేత గ్రంథము వెలువడిన కొలదికాలముననే నాటక సమాజములు ఆ కథను తమ ఇష్టము వచ్చినట్లు ఆడసాగెను. అప్పటికే, 1830 ప్రాంతమునుండి, తెల్లనటులు కాల్చిన బిరడా మసిని ముఖమునకు పూసికొని, పెదవులను వెడల్పుగా దిద్దుకొని నల్లజాతివారిని వెక్కిరించు మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు అచ్చట ప్రబలియుండెను. టామ్ కథ ఆ రంగస్థలము చేతిలో పడెను. బలిష్ఠుడైన టామ్ నెరసిన తలతో నడుము వంగిన ముసలివాడయ్యెను. ఎలైజా అను తల్లి బిడ్డను చంకనిడుకొని మంచుగడ్డలమీదుగా నది దాటు ఘట్టమున నవలలో వేటకుక్కలు లేవు. రంగస్థలము వానిని తెచ్చి చేర్చెను. ప్రేక్షకులకు కుక్కలే జ్ఞాపకముండెను.

1903లో ఎడ్విన్ పోర్టర్ ఈ కథను మూగచిత్రముగా తీసినపుడు టామ్ వేషము వేసినవాడు మసి పూసికొన్న తెల్లవాడే. కార్టూనుల వంతు తరువాత వచ్చెను. 1933లో డిస్నీ సంస్థ తీసిన 'మికీస్ మెల్లర్ డ్రామర్' అను చిత్రములో మికీమౌసు, అతని మిత్రులు ఒక కొట్టములో టామ్ నాటకమాడుదురు. మికీ టపాకాయ పేల్చుకొని ముఖము నల్లబరచుకొనును. ఆ కార్టూను అనుకరించినది నవలను కాదు, నవలను చెరిచిన నాటకమును. 1937లో వార్నర్ సంస్థకు 'అంకుల్ టామ్స్ బంగళా', 1947లో ఎం.జి.ఎం. సంస్థకు 'అంకుల్ టామ్స్ కబానా' తీసిన టెక్స్ ఏవరీ ఇదే దారిని నడిచెను. ఏడెనిమిది నిమిషములలో ముగియు చిత్రములో పాత్ర తెరమీద కాలు పెట్టగానే ప్రేక్షకుడు గుర్తుపట్టవలెను. అందులకు చిత్రకారుడు గ్రంథమును తెరచి చూడలేదు. అందరికిని తెలిసిన మూస చేతికి అందుబాటులో ఉండగా దానినే వాడెను.

గ్రిమ్ సోదరుల 'స్నో వైట్' కథకు వెక్కిరింతగా 1943లో వార్నర్ సంస్థ 'కోల్ బ్లాక్ అండ్ డి సెబెన్ డ్వార్ఫ్స్' తీసెను. గొంతునిచ్చినవారిలో నల్లజాతి కళాకారులుండిరి. చిత్రమును నడపినవారు మాత్రము తెల్లవారు. సంగీతము హుషారైనది, చిత్రలేఖనము ప్రతిభావంతమైనది. కాని ముఖములన్నియు మిన్‌స్ట్రెల్ ముఖములే. ఎన్.ఏ.ఏ.సీ.పీ. అను నల్లజాతివారి హక్కుల సంఘము ఆనాడే దానికి అభ్యంతరము తెలిపెను. కనుక "ఆ కాలమున ఎవరికిని తప్పని తోచలేదు" అను మాట నిజము కాదు. నొచ్చినవారికి ఆనాడే తోచినది. వినవలసినవారు వినలేదు.

మన దేశపు అడవిలో జరిగిన కథకును ఇట్టిదే పట్టెను. కిప్లింగ్ 1894లో ప్రకటించిన 'జంగిల్ బుక్'లోని మౌగ్లీ కథలకు రంగము మధ్యప్రదేశములోని సివనీ అడవులు. ఆ కథలలోని కోతులకు రాజు లేడు. నాయకుడు లేకపోవుటయే వాని లక్షణమని రచయిత వ్రాసెను. డిస్నీ సంస్థవారు 1967లో తీసిన చిత్రమునకు మాత్రము ఒక రాజును కల్పించిరి. అతడు భారతదేశపు అడవులలో ఎచ్చటను లేని ఒరాంగుటాన్. నల్లజాతివారి జాజ్ సంగీతపు బాణీలో పాడుచు, తానును మనిషి కావలెనని కోరును. గొంతునిచ్చిన లూయీ ప్రైమా ఇటాలియన్ కుటుంబపు గాయకుడు. అయినను అమెరికాలో నల్లవారు సమానహక్కులకై వీథులలో నడుచుచున్న ఆ యేండ్లలో, ఆ పాటను వినిన అనేకులకు అందులో అవమానము కనబడెను. కిప్లింగునకు సామ్రాజ్యదర్పము లేదని కాదు. కాని ఈ ఒక్క అవమానము మాత్రము ఆయనది కాదు.

గ్రంథమే దోషి అయిన సందర్భములును కలవు. జేమ్స్ బారీ 1904లో రంగమెక్కించిన 'పీటర్ పాన్' నాటకములోనే అమెరికా ఆదివాసులు ఆటబొమ్మలవలె ఉందురు. 1953 నాటి డిస్నీ చిత్రము వారిని ఇటుకరంగు దేహములతో గీసి, వారి ఎరుపునకు కారణము చెప్పు పాటను చేర్చి, దోషమును రెట్టింపు చేసెను.

ఈ చిత్రములకు తరువాత ఏమి జరిగెను? 1968లో, అప్పటికి ప్రసారహక్కులు గల యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పదకొండు వార్నర్ కార్టూనులను టెలివిజనుకు ఇచ్చుట మానెను. పైన చెప్పిన 'బంగళా', 'కోల్ బ్లాక్' రెండును అందులోనివే. 2020లో డిస్నీ సంస్థ 'పీటర్ పాన్' మున్నగు చిత్రములకు ముందు, ఇందలి చిత్రణలు నాడును తప్పే, నేడును తప్పే యను అర్థము వచ్చు హెచ్చరికను చేర్చెను. ఒక మార్గము దాచుట, రెండవది చెప్పి చూపుట. రెండవదియే మేలని మేము తలతుము. దాచిన బొమ్మ దాని అచ్చును నశింపజేయదు. ఆ అచ్చు ఎక్కడినుండి వచ్చినదో తెలిసినవారే దానిని విడువగలరు.

పరదేశపు దోషములను లెక్కించుట తేలిక. మన తెర మాటేమి?

మన కావ్యములకు నలుపు నామోషీ కాదు. ఓరుగల్లుకు దాపున నున్న బమ్మెర పోతన్నదని మనము చెప్పుకొను భాగవతమున, కనబడకపోయిన కృష్ణుని గోపికలు పొదలను అడుగునపుడు, వారు చెప్పు మొదటి గుర్తు ఆయన నలుపే. ద్రౌపదికి కృష్ణ యను పేరు దేహచ్ఛాయనుబట్టి వచ్చినదే. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయమున గోడలు ఎర్రని ఇసుకరాతివి, చూరు క్రింద నిలిచిన మదనికలు నిగనిగలాడు నల్లరాతివి. ఎనిమిది వందల యేండ్లుగా మన జనులు తల యెత్తి చూచి అందమనిన రూపములు నల్లనివే. అట్టి దేశమున క్యాలెండరు బొమ్మలలోను, చలనచిత్రములలోను కృష్ణుడు నీలివాడయ్యెను. ద్రౌపది దాదాపు ఎల్లప్పుడును తెల్లనిదయ్యెను. నలుపు రాక్షసునికిని, సేవకునికిని, నవ్వించువానికిని మిగిలెను. తోలుబొమ్మలాటలో నీలపు రాముడు, ఆకుపచ్చ హనుమంతుడు వెలుగులో మెరయుచుండగా, కేతిగాడు, జుట్టుపోలిగాడు వికారరూపములతో వచ్చి నవ్వింతురు. వారు తమ ఊరి పెద్దలనుకూడ ఎగతాళి చేయగలరు గనుక ఆ నవ్వును అవమానముగా మాత్రమే చూడరాదు. అయినను ఏ రూపము చూచి నవ్వవలెనో పిల్లలకు నేర్పిన పాఠములలో అదియు నొకటి.

ఇందులకు భిన్నమైన ఉదాహరణము మన ప్రాంతముననే కలదు. పూర్వపు ఓరుగల్లు జిల్లాలోనిదై, నేడు సిద్దిపేట జిల్లాలో నున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపటములమీద, ఎర్రని నేపథ్యముపై, కథలను వరుస బొమ్మలుగా గీయుదురు. కథకుడు పటమును కొంచెము కొంచెముగా విప్పుచు పాడుచుండును. మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును, పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును ఈ విధముగనే చెప్పుదురు. ఊరిలో ఎంత తక్కువగా చూడబడిన కులమైనను, తన పటములో తన మూలపురుషుడు హాస్యగాడు కాడు, వీరుడు లేక ఋషి. కారణము స్పష్టము. కథను అడిగినవారు, చూచినవారు, సంభావన ఇచ్చినవారు ఆ కులమువారే. ఎవరి బొమ్మయో వారి యెదుటనే నిలువవలసిన చిత్రము వారిని కించపరచలేదు. టామ్ బొమ్మను గీసినవారికి ఈ నిర్బంధము లేకపోయెను.

మన సినిమాలలో కోయవారికిని ఈ రక్షణ దొరకలేదు. ఈకల కిరీటము, పూసల దండలు, వచ్చీరాని తెలుగు, చేయి చూచి చెప్పు జోస్యము - ఇదియే తెరమీది కోయదొర. కథానాయకుడు మారువేషము వేయవలసి వచ్చినపుడెల్ల ఈ వేషమునే తొడుగుకొనెను. మసి పూసికొన్న అమెరికా నటునికిని ఇతనికిని దూరము మనమనుకొనునంత లేదు. ఏటూరునాగారము అడవులలోని కోయబిడ్డకు తెలిసిన కోయలు వేరు. మేడారమున రెండేండ్లకొకసారి లక్షల జనము మ్రొక్కు సమ్మక్క సారలమ్మలు, కాకతీయ సైన్యముతో పోరాడిన కోయవీరులుగా కొలువబడుచున్నారు. ఆ బిడ్డ తెరమీద చూచునది మాత్రము సమ్మక్కను కాదు, ఆ మారువేషమును.

మూసను దాటుట అసాధ్యము కాదని చెప్పుటకును మనకు సాక్ష్యమున్నది. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ధరించిన ఘటోత్కచుడు రాక్షసుడే. అయినను తల్లికి విధేయుడు, కొలువుకు రాజు, మాటకు నిలుచువాడు. అతనిని చూచి మనము నవ్వినపుడు అతడును మనతో నవ్వును. ఆ చిత్రమునకు కె.వి. రెడ్డిగారి వద్ద పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు 2008లో ఘటోత్కచుని బాల్యమును కార్టూను చిత్రముగా తీసి, రాక్షసబాలునే నాయకునిగా నిలిపిరి. ఆ యేడే హైదరాబాదు గ్రీన్ గోల్డ్ సంస్థవారి 'ఛోటా భీమ్' టెలివిజనులో ప్రారంభమై దేశమంతటను పిల్లలకు ప్రియమైనది. భారతములోని భీముని పేరును, బలమును, తిండిపుష్టిని గ్రహించిన ఈ బాలునికి ఎదురు నిలుచు దుడుకుపిల్లవాని పేరు కాలియా. హిందీలో నల్లవాడని అర్థము. ఎవరును ద్వేషముతో పెట్టిన పేరని మేము అనము. ద్వేషము లేకయే ఇట్టి పేరు చేతికి తగులుటయే ఆలోచింపవలసిన విషయము.

నేడు హైదరాబాదులో బొమ్మలకు ప్రాణము పోయు యువకులు అనేకులు కలరు. వారు రామాయణ భారతములను మరల మరల తెరమీదికి తెచ్చుచునే యుందురు. వారికి మేము చేయు మనవి చిన్నది. పాత్రను గీయుటకు ముందు పూర్వపు బొమ్మను కాక గ్రంథమును చూడుడు. అడవి మనుష్యులను గీయవలసి వచ్చినపుడు ఆ బొమ్మను ముందుగా మేడారపు దారిలోని ఒక గూడెములో చూపుడు. అచ్చటి పిల్లలు తమ్ము తాము గుర్తుపట్టినచో అది మంచి బొమ్మ. తల దించుకొన్నచో దానిని చెరిపి మరల గీయుడు. ఇంటిలో పాత చిత్రములను పిల్లలకు చూపు తల్లిదండ్రులు, ఈ మనిషి కథలో ఇట్లుండెనా అని ఒక్క ప్రశ్న వేసిన చాలును. టామ్ గ్రంథములో ఎట్లు మరణించెనో తెలిసిన పిల్లవాడు తెరమీది వంగిన ముసలివానిని చూచి నవ్వడు.