కఱవు సీమలో వైద్యసేవ

మన రాప్తాడు సీమయందు వానలు తప్పిన యేట పేద కుటుంబమునకు రోగము మఱియొక కఱవగును. 1969వ సంవత్సరమున స్పెయిను దేశీయుఁడగు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమునకు వచ్చెను. ఆయన క్రైస్తవులలో జెసూట్ సంఘపు సన్న్యాసి. 1970లో ఆ సంఘమును విడిచెను గాని సేవను విడువలేదు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించి, 2009లో అనంతపురముననే దేహము చాలించెను.

ఆ సంస్థ 2000వ సంవత్సరమున మనకు చేరువనున్న బత్తలపల్లిలో ఆసుపత్రిని నెలకొల్పెను. స్పెయిను వైద్యులు పలువురు స్వచ్ఛందముగా వచ్చి అచ్చట చికిత్సలు చేసిరి.

వారు సముద్రములు దాటి వచ్చిరి. మనము పొరుగూరికి పోజాలమా? కులోన్నతి సభావేదికపైఁ గాదు, పరకులపు రోగి మంచముకడఁ దెలియును. మన విద్యావంతులు ఏఁటికిఁ బదిదినములైన నట్టి సేవ కర్పింతురు గాక. ధనమిచ్చు దాతలు మనకుఁ గలరు. దినమిచ్చు దాతలు కావలెను.