బ్రేక్ బాగానే పడుతోందా? అయినా ప్యాడ్స్ అరిగిపోయి ఉండొచ్చు.. బైక్ ఉన్నవాళ్లు ఇలా చెక్ చేసుకోవాలి

డిస్క్ బ్రేక్ బైక్‌లో ఓ తిరకాసు ఉంది. ప్యాడ్స్ బాగా అరిగినా లివర్ నొక్కితే పెద్దగా తేడా తెలియదు. ప్యాడ్ పలచబడే కొద్దీ కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీని బ్రేక్ ఆయిల్ నింపేస్తుంది. అందుకే ‘బ్రేక్ పడుతోంది కదా’ అని చాలామంది వదిలేస్తుంటారు. డ్రమ్ బ్రేక్ అలా కాదు.. లైనర్ అరిగే కొద్దీ పెడల్ కిందికి దిగుతూ ముందే చెప్పేస్తుంది. డిస్క్ విషయంలో కళ్లతో చూడాల్సిందే.

చూడటం కష్టమేమీ కాదు. బండి స్టాండ్ వేసి, మొబైల్ టార్చ్‌తో కాలిపర్ సందులోకి చూస్తే డిస్క్‌కు రెండు వైపులా ప్యాడ్స్ కనిపిస్తాయి. ప్రతి ప్యాడ్‌లో వెనక ఇనుప ప్లేటు, దాని ముందు అరిగే పదార్థం ఉంటాయి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.. ఇనుప ప్లేటును కూడా కలిపి ‘ఇంకా చాలా ఉంది’ అనుకుంటారు. లెక్కలోకి వచ్చేది ముందున్న పదార్థం మాత్రమే. అది 2 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. 1 మిల్లీమీటర్‌కు చేరితే బండి తీయకపోవడమే మంచిది. కొన్ని ప్యాడ్స్ మధ్యలో గాడి ఉంటుంది, అది చెరిగిపోయినా టైమ్ అయిపోయినట్టే. కంపెనీ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించాలి. ఒకవైపు ప్యాడే అరిగినా రెండూ కలిపి మార్చాలి.. అలా ఎందుకు అరిగిందో, కాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయేమో మెకానిక్‌తో చూపించుకోవాలి.

ఇక శబ్దాల సంగతి. వానలో తడిసినా, వాటర్ వాష్ చేయించినా కాసేపు కీచుమనడం మామూలే. నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది. రోజూ కీచుమంటుంటే మాత్రం చూపించాలి. గరగరమని ఇనుము రాసుకున్నట్టు వినిపిస్తే పరిస్థితి చేయి దాటినట్టే! ప్లేటు నేరుగా డిస్క్‌ను గీకేస్తోందన్నమాట. మామూలు బైక్‌లకు ప్యాడ్స్ ఖర్చు వందల్లో ఉంటే, డిస్క్ వేలల్లోకి వెళ్తుంది.

హ్యాండిల్ దగ్గరి డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గడం కూడా ఒక గుర్తే. లీకేజీ లేకుండా తగ్గిందంటే ప్యాడ్స్ అరుగుతున్నట్టు లెక్క. చూడకుండా ఆయిల్ పోసేస్తే, కొత్త ప్యాడ్స్ వేసేటప్పుడు అది పొంగి బయటకొస్తుంది. పెయింట్ మీద పడితే పాడు చేస్తుంది కూడా.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? అందరికీ ఒకే లెక్క లేదు. సిటీ ట్రాఫిక్‌లో నడిపే బండికి, హైవే మీద తిరిగే బండికి చాలా తేడా ఉంటుంది. వెనక పెడల్ మీద ఎప్పుడూ కాలు ఆనించి నడిపేవాళ్లకు వెనక ప్యాడ్స్ ముందే అయిపోతాయి. శ్రీశైలం, అరకు లాంటి ఘాట్‌లలో దిగేటప్పుడు చిన్న గేర్‌లో ఉంటే ప్యాడ్స్ వేడెక్కవు. ఏబీఎస్ ఉంటే భయం లేదనుకోవడమూ తప్పే.. అది చక్రం లాక్ కాకుండా చూస్తుందే తప్ప అరిగిన ప్యాడ్‌కు పట్టు తేలేదు.

కొత్త ప్యాడ్స్ వేయించాక బండి కదిలించే ముందే లివర్‌ను గట్టిపడే వరకు పదేపదే నొక్కాలి. లేదంటే మొదటిసారి బ్రేక్ అసలు పడకపోవచ్చు! తొలి 200 కిలోమీటర్లు సడన్ బ్రేకులు తగ్గించాలి. చైన్ స్ప్రే కొట్టేటప్పుడు డిస్క్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి.