పావురముల నుండి ఆకుపచ్చ మీట వరకు

అంగడికి బియ్యము కొనబోయిన గృహిణి ధర అడుగును గాని, ఆ ధర ఏ గడియలోనిదని అడుగదు. అమ్మువాడు ఎదుటనే ఉన్నాడు గనుక ఆ ప్రశ్నతో పని లేదు. వాటాలు, ఋణపత్రములు, విదేశీ ద్రవ్యము అమ్ముడుపోవు విపణులలో అట్లు కాదు. అమ్మువాడు ఒక నగరమున, కొనువాడు వేరొక నగరమున ఉందురు. అచ్చట ధర ఎంత అనుదానితోపాటు, ఎప్పటిది అనుదియు తెలియవలెను. నేడు దళారుల బల్లలపై కనిపించు విపణి సమాచార టెర్మినల్ ఈ అవసరము నుండి పుట్టినదే. దాని పూర్వకథ ఎరిగినవారికి దానిని వాడ నేర్చుట సులభమని మేము తలంతుము.

1850లో బెర్లిన్ నుండి వచ్చు తంతితీగ ఆఖెన్ నగరముతోను, పారిస్ నుండి వచ్చు తీగ బ్రస్సెల్స్ నగరముతోను ఆగిపోయెను. నడుమ తీగ లేదు. జూలియస్ రాయిటర్ ఆ దూరమును పావురములచేత దాటించెను. అవి తెచ్చు ధరల చీటీలు రైలుబండి కంటె కొన్ని గంటలు ముందుగా చేరుచుండెను. ఆ కొన్ని గంటల కొరకే వర్తకులు ఆయనకు సొమ్ము చెల్లించిరి. తీగల నడిమి ఖాళీ పూడగానే పావురముల పని తీరెను. 1851లో రాయిటర్ లండన్‌లో కార్యాలయము తెరచెను.

న్యూయార్కులో కుర్రవాండ్రు ధరల చీటీలు పట్టుకొని దళారుల కచేరీలకు పరుగెత్తుచుండిరి. 1867లో ఎడ్వర్డ్ కాలహన్ రూపొందించిన టిక్కర్ యంత్రము ఆ పరుగును మాన్పించెను. సన్నని కాగితపు పట్టీపై ధరలు వాటంతట అవే అచ్చగుచుండెను. తరువాత ఎడిసన్ దానిని మెరుగుపరచెను.

అయినను యంత్రపు వేగమునకు హద్దు కలదు. 1929 అక్టోబరు 24న న్యూయార్కు విపణిలో 1,28,94,650 వాటాలు చేతులు మారెను. పట్టీ కొన్ని గంటలు వెనుకబడెను. దూరపు ఊళ్ళలోని మదుపుదారులు తమ సొత్తు నిలిచినదో పోయినదో తెలియక, ఎప్పటివో అయిన ధరలను చూచుచు అమ్మకపు ఆజ్ఞలు పంపిరి. పట్టీపైని అంకెలలో అబద్ధము లేదు; ఆలస్యము మాత్రమే ఉండెను. అంతమాత్రమునకే వారు చీకటిలో బేరమాడవలసివచ్చెను.

1971లో డాలరునకు బంగారముతో గల ముడి తెగెను. ద్రవ్యపు మారకపు రేట్లు గడియ గడియకు మారసాగెను. 1973లో రాయిటర్స్ సంస్థ నెలకొల్పిన మానిటర్ అను ఏర్పాటుతో బ్యాంకులు తమ రేట్లను తామే తెరపై చూపజొచ్చెను. 1981లో సాలమన్ బ్రదర్స్ సంస్థను విడిచిన మైకేల్ బ్లూమ్‌బర్గ్, ధరలతోపాటు ఋణపత్రముల లెక్కలను కూడ కట్టి చూపు యంత్రమును తలపెట్టెను. మెరిల్ లించ్ సంస్థ అందుకు మొదటి ఖాతాదారు.

మన దేశమున 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి ఉపగ్రహ సంబంధముతో తెరలపై వ్యాపారము ప్రారంభించెను. అంతవరకు బొంబాయి ధర కొరకు ఎదురుచూచిన ఊళ్ళకు అదే ధర అదే క్షణమున చేరెను. అందువలన ప్రాంతీయ విపణులలో బేరములు సన్నగిల్లెను. 1943లో ఏర్పడిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయెను.

ఇక క్రొత్తగా బ్లూమ్‌బర్గ్ టెర్మినల్ ముందు కూర్చుండువారి సంగతి. మీటల రంగులే దారి చూపును. మొదట వాటా సంకేతమును కొట్టవలెను. పిదప పసుపు మీటలలో తగినదానిని నొక్కి, అది వాటాయా, ఋణపత్రమా, సరుకా, ద్రవ్యమా తెలుపవలెను. ఒకే సంస్థకు వాటాలును ఋణపత్రములును ఉండును గనుక ఈ మెట్టు తప్పదు. ఆపై కోరిన పని సంకేతమును కొట్టి—సంస్థ వివరములకు డి, ఇ, ఎస్ అను మూడక్షరములు—ఆకుపచ్చ మీట నొక్కవలెను. పని మానదలచినచో ఎఱ్ఱమీట ఉన్నది. సందేహము కలిగినచో సహాయపు మీటను రెండుమార్లు నొక్కినయెడల అవతల మనుష్యుడే బదులు పలుకును.

తెరపై కొనువాని ధర, అమ్మువాని ధర, చివరి బేరపు ధర వేరువేరుగా ఉండును. వాని ప్రక్కనే కాలము ఉండును. క్రొత్తవారి చూపు మొదట దానిపై నిలువవలెను. ఉచితముగా లభించు తెరలలో కొన్ని విదేశీ విపణుల ధరలు 15 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఇంటివద్ద చేతిఫోనులో ధర చూచి బేరమునకు దిగువారు కూడ ముందుగా ఆ గడియను చదివి, పిమ్మట అంకెను చదువవలెను.